డెబియన్ 12లో పైథాన్ 2 తీసేశారు. మూల పడున్న ఒక్క ప్యాకేజీ ఎవరికి అడ్డమండీ?

పాలకొల్లు_డీటీపీ
అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లులో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, గుడి ఉత్సవాల ఆహ్వానాలు, ఉగాది ముందు పంచాంగాలు. పాతికేళ్ళ మేటరంతా అనూ లాంటి పాత ఫాంట్లలో ఉంది, ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్ కాదు. ఎవరో ఒకరు వచ్చి "మా ఊరి స్థలపురాణం మీ దగ్గరే కొట్టించామండి, అది వాట్సాప్‌లో పెట్టుకోవాలి" అంటారు. అంటే యూనికోడ్‌లోకి మార్చాలి. ఆ పనికి మా బావమరిది 2011లో ఒక స్క్రిప్టు రాసిచ్చాడు, పైథాన్ 2.7 భాషలో. ఇన్నేళ్ళలో ఒక్కరోజు మొరాయించింది లేదు.

పోయిన వారం కరెంటు ఎగదన్ని హార్డ్ డిస్కు పోయింది. బ్యాకప్ ఉంది, ఆ దేవుడి దయ. కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి డెబియన్ 12 లినక్స్ ఎక్కించాను. దాంట్లో ప్రోగ్రాములు ఎక్కించే ఆప్ట్‌ని పైథాన్ 2 అడిగితే ఆ పేరుతో ప్యాకేజీయే లేదంటోంది. డెబియన్ 11లో ఉండేది! సరే కదా అని పాత డెబ్ ప్యాకేజీ ఫైలు దింపి ఎక్కించబోతే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 కావాలంది. అదీ తెచ్చాను. లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ 7 కావాలంది. అక్కడికి నాకు ఓపిక అయిపోయింది.

నేను అడిగేది ఒక్కటే. వేలకి వేలు ప్యాకేజీలు పెట్టుకున్నారు. అందులో ఇదొకటి మూల పడుంటే ఎవరికి అడ్డం? వాడుకునేవాడు వాడుకుంటాడు, లేనివాడు మానేస్తాడు. పనిగట్టుకుని తీసేయడం ఏంటండీ?

దింపుకాయ
మా అమ్మ రుబ్బురోలు కూడా ఇలాగే పెరట్లో ఉంది గురూ. గ్రైండరు కొని 20 ఏళ్ళయింది. తీసేద్దామంటే ఆవకాయ రోజుల్లో ఆవాలు అందులోనే నూరాలంటుంది. నీ స్క్రిప్టుకి నా ఓటు.

(అంబాజీపేటలో ఇవాళ కొబ్బరికాయ ధర అడక్కండి, మూడ్ బాగోలేదు.)

మరబాబు
ఫాలోయింగ్. మా రైస్ మిల్లులో కూడా ఇదే గోల, కాకపోతే ఇంకో రకం. రాత్రికి రాస్తాను.

లాకులదగ్గర
పాలకొల్లు గారూ, నేను కొన్నేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ప్యాకేజింగ్ పని చేస్తున్నానండి, ఉద్యోగం కాదు, ఊరికే. మీ కోపం న్యాయమే. కానీ "మూల పడుంటే ఎవరికి అడ్డం" అన్న దగ్గరే తిరకాసు ఉంది. మీ అనుభవంలోనే జవాబు ఉంది కూడా.

మీరు డెబ్ ఫైలు తెచ్చారు, అది లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ అడిగింది. ఎంచేత? పైథాన్ అనేది ఒంటరిగా ఉండే వస్తువు కాదు. కింద ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (నెట్‌లో రహస్యంగా మాట్లాడే లైబ్రరీ, మీ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ దాందే), లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ, జీలిబ్, ఎస్‌క్యూలైట్. వీటి మీద కూర్చుని ఉంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కి దాని సొంతవాళ్ళే 2023 సెప్టెంబరులో మద్దతు ఆపేశారు. డెబియన్ 12 వచ్చింది అదే ఏడాది జూన్‌లో, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0తో. పైథాన్ 2.7 చివరి విడుదల 2.7.18, 2020 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 పుట్టనేలేదు. ఇప్పుడు ఆ పాత పైథాన్‌ని కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మీద కట్టాలంటే ప్యాచ్ ఎవరో రాయాలి. లేదా పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని కూడా ఉంచాలి, అప్పుడు దానికొచ్చే సెక్యూరిటీ రంధ్రాలు కూడా మనమే పూడ్చాలి. ఒక ప్యాకేజీ ఉంచుదామని కూర్చుంటే మూడు అవుతాయి.

ఇక పైన ఉండేవి వేరే. నంపై, లెక్స్‌ఎంఎల్, పిల్లో లాంటి మాడ్యూళ్ళు లేకుండా ఒట్టి పైథాన్ ఎవరికి కావాలి? ప్రతిదాన్నీ రెండు పైథాన్లకి కట్టాలి. వీటిని కట్టే కంపైలరు జీసీసీ మారిన ప్రతిసారీ మళ్ళీ కట్టాలి, పరీక్షలు ఆడించాలి, పడితే ఎందుకు పడిందో చూడాలి. మీరు చూసేది ఒక వరస. ఆ వరస వెనక ఎవరో ఒకరు శనివారం రాత్రి బిల్డ్ లాగ్ చదువుతూ ఉంటారు.

ఇంకో మాట. డెబియన్ 11లో "ఉండేది" అన్నారు కదా, దాని విడుదల గమనికలు ఒకసారి చదవండి. పైథాన్ 2ని అందులో ఉంచింది వాడుకోవడానికి కాదు. పైథాన్ 3కి ఇంకా మారని కొన్ని ప్రోగ్రాముల్ని బిల్డ్ చేయడానికి అది కావాలి, అందుకే ఉంచాం, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు అని అక్కడే చెప్పేశారు. అంటే మీరు రెండేళ్ళు వాడింది అప్పటికే దిక్కులేని ప్యాకేజీ. డిస్కు పోకుండా మామూలుగా 12కి అప్‌గ్రేడ్ అయ్యుంటే ఆ పాత ప్యాకేజీ అలాగే మిగిలిపోయేది, మీకు తెలిసేది కూడా కాదు. నన్నడిగితే అది ఇంకా ప్రమాదం.

పాలకొల్లు_డీటీపీ
మీరు చెప్పింది అర్థమైందండి. కానీ నా స్క్రిప్టు ఇంటర్నెట్ మొహం చూడదు. ఫైలు తీసుకుంటుంది, ఫైలు ఇస్తుంది. దానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎందుకు? సెక్యూరిటీ ఎందుకు? నాది ఏమన్నా బ్యాంకా?

లాకులదగ్గర
మీకు అక్కర్లేదు, నిజమే. కానీ రెపోలో, అంటే డెబియన్ ప్యాకేజీల గిడ్డంగిలో, పెట్టినది మీకొక్కరికే అని పెట్టలేం కదండీ. అదే ప్యాకేజీని ఇంకొకాయన సర్వర్‌లో పెట్టి బయటికి తెరిచి కూర్చుంటాడు. డెబియన్ పేరుతో వచ్చింది కాబట్టి డెబియన్ చూసుకుంటుందనుకుంటాడు. రెపోలో ఉండటమంటే ఒక మాట ఇచ్చినట్టు. ఆ మాట నిలబెట్టే మనిషి లేనప్పుడు పేరు తీసేయడమే మర్యాద.

భీమవరం_షెడ్డు
మర్యాద గురించి నేను చెప్తా వినండి 🙂

మాది రొయ్యల కొనుగోలు షెడ్డు. ఏ చెరువు, ఎంత కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు), ఎన్ని కిలోలు, అడ్వాన్సు ఎంత, అంతా పీహెచ్‌పీ భాషలో రాసిన ఒక ప్రోగ్రాములో ఉంది. పదేళ్ళ కిందట ఒక కంపెనీవాళ్ళు చేసిచ్చారు, పేరెందుకులెండి, ఇప్పుడు ఫోను ఎత్తరు. ప్రతి పేజీలోనూ డేటాబేస్‌ని కలపడానికి మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ అని పాత ఫంక్షన్లే. ఆ ఫంక్షన్లని 2013లో పీహెచ్‌పీ 5.5 వచ్చినప్పుడే వద్దన్నారట, 2015 చివర్న 7.0లో పూర్తిగా పీకేశారు. మావాళ్ళు మాకు చేసిచ్చేసరికే అవి చావుకి సిద్ధంగా ఉన్నాయన్నమాట.

సీజన్లో, వంద కౌంటు సరుకు ఐసు మీద ఉండగా, సర్వర్ మార్చాల్సి వచ్చింది. అప్పుడు నన్ను ఆదుకున్నది ఒండ్రెయ్ సూరీ గారి రెపో. డెబియన్‌లో పీహెచ్‌పీ ప్యాకేజీలు చూసేది ఆయనే, కానీ తన సొంత రెపోలో 5.6 నుంచి ఇప్పటి 8 దాకా అన్నీ పక్కపక్కనే ఉంచుతారు. ఒక సైటుకి 5.6, ఇంకో సైటుకి 8.2, ఒకే మెషీన్‌లో. సెట్టింగుల ఫోల్డర్లు కూడా వెర్షన్ పేరుతో విడివిడిగా. పీహెచ్‌పీకి కుదిరినప్పుడు పైథాన్‌కి ఎందుకు కుదరదు?

లాకులదగ్గర
కుదురుతుంది, మనిషి ఉంటే. మీరు చెప్పిందే దానికి సాక్ష్యం. ఆయన కూడా ఆ పాతవాటిని డెబియన్ అసలు రెపోలో పెట్టలేదు చూడండి, బయట పెట్టారు. డెబియన్ 12లో అధికారికంగా ఉన్నది 8.2 ఒక్కటే. ఉబుంటు వైపు పైథాన్‌కి డెడ్‌స్నేక్స్ అని ఇలాంటి పీపీఏ (బయటి రెపో) ఉంది, అదీ వాలంటీర్లదే, ఎప్పుడు ఏది తీసేస్తారో వాళ్ళిష్టం.

ఒక చిన్న విన్నపం. 5.6కి అసలువాళ్ళ సెక్యూరిటీ మద్దతు 2018 డిసెంబరు 31తో ఆగిపోయింది. మీ షెడ్డు ప్రోగ్రాము బయటి నుంచి ఫోన్‌లో కూడా తెరుచుకుంటుందా?

భీమవరం_షెడ్డు
...తెరుచుకుంటుంది. ఓనరు గారు హైదరాబాద్ నుంచి రేట్లు చూసుకోవాలి కదండీ.

దింపుకాయ
ఆయ్, రొయ్యల రేట్లు మాకూ చూపించండి మరి, లింకు పెట్టండి 😄

లాకులదగ్గర
లింకు పెట్టకండి!! షెడ్డు గారూ, ఇవాళే దాని ముందు వీపీఎన్ పెట్టండి, అంటే మీవాళ్ళకి తప్ప ఎవరికీ తెరుచుకోని దారి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ అయితే గంట పని. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మరబాబు
రాత్రికి అన్నాను, రెండు రోజులైంది, క్షమించండి. ధాన్యం లారీలు.

నేను పాలకొల్లు గారికి వ్యతిరేకంగా చెప్పేవాడిని కాదు, కానీ "పైథాన్ 3కి మార్చేసుకోండి, ఎంతసేపు" అని ఇక్కడ ఎవరో ఒకరు అంటారని తెలుసు. వాళ్ళ కోసం రాస్తున్నాను.

మా మిల్లు తూకాల ప్రోగ్రాము కూడా 2.7లోదే. నేనే మార్చాను, 2టు3 అనే పనిముట్టుతో. ప్రింట్‌కి బ్రాకెట్లు పెట్టింది, హ్యాజ్‌కీ తీసి ఇన్ పెట్టింది, అన్నీ చక్కగా చేసింది. ప్రోగ్రాము ఎర్రర్ లేకుండా నడిచింది. సంతోషించి రైతుకి చీటీ ఇచ్చాను.

చీటీలో 75 కిలోల బస్తాలు "16.666666666666668" అని వచ్చింది. 1250ని 75తో భాగిస్తే పాత పైథాన్ 16 అని ఊరుకునేది, పూర్ణాంకాలు రెండూ కాబట్టి. మిగిలిన 50 కిలోలు పక్క వరసలో విడిగా లెక్కేసేవాళ్ళం. పైథాన్ 3లో అదే గీత దశాంశాలిస్తుంది. 2టు3 దాన్ని ముట్టుకోదు, ఎందుకంటే నాకు ఏది కావాలో దానికి తెలియదు కదా. ఇది కంటికి కనిపించింది కాబట్టి సరిపోయింది.

కనిపించనిది ఇంకోటి. రౌండ్. పాత పైథాన్‌లో 2.5ని రౌండ్ చేస్తే 3. కొత్తదాంట్లో 2. సరిగ్గా సగం వచ్చినప్పుడు సరిసంఖ్య వైపు పోతుంది. హమాలీ కూలి లెక్కలో అర్ధరూపాయి దగ్గర ఇది నెల రోజులు జరిగింది. ముఠా మేస్త్రి చూసి "బాబూ, మీ కొత్త కంప్యూటరు రూపాయి రూపాయి తినేస్తోంది" అన్నాడు. చదువుకోలేదు, కానీ నోటి లెక్కలో ఆయన ముందు ఎవరూ ఆగరు. మొత్తం కలిపితే పెద్ద డబ్బేం కాదు. కానీ మా మిల్లు మీద మాట వచ్చింది.

అందుకని, పాత వెర్షన్ అడిగేవాణ్ణి బద్ధకస్తుడని అనకండి. మారిస్తే ఏం విరుగుతుందో తెలియక అడుగుతాడు.

తరగతి_గది
మరబాబు గారి పోస్టు నా విద్యార్థులకు చదివి వినిపించాను, మీ అనుమతి లేకుండా. మేస్త్రి మాటకి క్లాసంతా నవ్వి, తర్వాత నోట్సు రాసుకుంది.

నేను మాత్రం తీసేయడమే మంచిదంటాను. కారణం తెలుగే. పైథాన్ 2లో "గోదావరి" అని రాసి పొడుగు అడగండి. 21 అంటుంది. యూనికోడ్‌ని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడేసి బైట్లు, ఏడు కోడ్ పాయింట్లు (గుణింతపు గుర్తు కూడా విడిగా ఒకటి), ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. పైథాన్ 3 ఏడు అంటుంది. (మన లెక్కలో నాలుగు అక్షరాలే అనుకోండి, గో-దా-వ-రి. అది ఏ పైథానూ చెప్పదు.) పాతదాంట్లో తెలుగు ముట్టుకున్న ప్రతివాడూ ఆ ఎర్రర్ చూసే ఉంటాడు: యాస్కీ (ఇంగ్లీషు అక్షరాల పాత కోడు) కోడెక్ ఈ బైటుని చదవలేదు అని. మన అక్షరం మొదటి బైటు ఎప్పుడూ 224, యాస్కీ 127తో అయిపోతుంది. పైథాన్ 3.0 వచ్చింది 2008 డిసెంబరులో. 2.7కి గడువు మొదట 2015 అన్నారు, 2014లో దాన్ని 2020 జనవరి 1కి పొడిగించారు. పదకొండేళ్ళు గడువిచ్చినా చాలలేదంటే ఇంకెంత ఇవ్వాలి? ఉంచినంత కాలం ఎవరూ మారరు. మనవాడే, ఈ-పుస్తకాల ప్రోగ్రాము కాలిబర్ రాసిన కోవిద్ గోయల్ గారు, పైథాన్ 2ని వదలనని మొదట్లో పట్టుపట్టారు. చివరికి 2020 సెప్టెంబరులో కాలిబర్ 5 పైథాన్ 3 మీదే వచ్చింది.

పాలకొల్లు_డీటీపీ
మాస్టారూ, కాలిబర్‌కి గోయల్ గారున్నారు. నా స్క్రిప్టుకి నేనున్నాను. నాకు పైథాన్ రాదు. అదీ తేడా.

తరగతి_గది
ఒప్పుకున్నాను. నేను కొంచెం గట్టిగా అన్నట్టున్నాను.

కాకినాడ_బీఎస్‌డీ
ఆలస్యంగా వచ్చాను. డెబియన్ ఒక్కటే ప్రపంచం అన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ :)

ఫ్రీబీఎస్‌డీ అని లినక్స్ లాంటిదే ఇంకో సిస్టమ్ ఉంది, దాని పోర్టుల్లో (ప్యాకేజీల్లాంటివే) నాకు నచ్చే పద్ధతి ఒకటుంది. పాతబడ్డ పోర్టు మేక్‌ఫైల్‌లో రెండు వరసలు చేరుస్తారు: ఎందుకు వద్దో ఒక వరస, ఏ తేదీన తీసేస్తారో ఇంకో వరస. ఎక్కించబోతే ఆ రెండూ తెర మీద కనిపిస్తాయి. అంటే చావు తేదీ ముందే చెప్తారు. ఎవరికైనా కావాలనుకుంటే ఆలోపు "నేను చూసుకుంటా" అని ముందుకు రావచ్చు. దాని చుట్టం నెట్‌బీఎస్‌డీ వాళ్ళ ప్యాకేజీల సేకరణ పీకేజీసోర్స్ ఇంకా ఉదారం. 1997లో ఫ్రీబీఎస్‌డీ పోర్టుల నుంచే పుట్టింది, మూడు నెలలకోసారి ఒక శాఖ తీస్తారు, పాత పైథాన్లని చాలాకాలం ఉంచుతారు, లినక్స్ మీద కూడా నడుస్తుంది. నిక్స్ అనే ప్యాకేజీ మేనేజరులో అయితే 2.7 మీద "భద్రం కాదు" అని ముద్ర ఉంటుంది. మీ ఫైల్లో "నాకు తెలుసు, అయినా కావాలి" అని చేత్తో రాస్తే గానీ ఎక్కదు. ఆ ముద్ర పద్ధతి డెబియన్‌లో కూడా ఉంటే పాలకొల్లు గారికి ఈ తిప్పలు ఉండేవి కావు.

డబ్బు కట్టేవాళ్ళకి వేరే దారి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో పైథాన్ 2.7ని 2024 జూన్ దాకా చూసుకున్నారు, అసలువాళ్ళు వదిలేశాక నాలుగేళ్ళకి పైగా. దానికి జీతగాళ్ళున్నారు కాబట్టి.

దింపుకాయ
మనిషి, మనిషి, మనిషి. అందరూ అదే అంటున్నారు. మా ఊరి కాలువ లాకులు గుర్తొస్తున్నాయి. ఒకప్పుడు పడవలు వెళ్ళేవని మా తాతయ్య చెప్పేవాడు, లాకు దగ్గర పడవ ఆగితే నీళ్ళు నింపి పైకి లేపి పంపేవారట. పడవలు ఆగిపోయినా లాకు అలాగే ఉంది. ఉంచారు కదా! ఎవరికీ అడ్డం లేదు కదా!

లాకులదగ్గర
నా పేరు పెట్టుకున్నది ఆ లాకుల్ని చూసే కాబట్టి ఇది నేను వదలను 🙂 లాకు ఉంది, నిజమే. కానీ తలుపు తియ్యి చూద్దాం? ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీస్తారు, షట్టర్లకి గ్రీజు రాస్తారు, అదీ నీళ్ళు పారే చోటే. పడవ దాటించే తలుపులు అలా వదిలేశారు, తుప్పు పట్టాయి. ఉందని నమ్మి రేపు పడవేసుకొస్తే ఇరుక్కుంటావు. బుల్స్‌ఐలో, అదే డెబియన్ 11లో, పైథాన్ 2 అంటే అదే.

దింపుకాయ
సరేలెండి, ఓడిపోయాను.

లాకులదగ్గర
ఇక పని మాట. పాలకొల్లు గారూ, మీ స్క్రిప్టు బయటి మాడ్యూళ్ళు ఏవైనా వాడుతోందా? పైన ఇంపోర్ట్ అని ఉన్న వరసలు చెప్పండి.

పాలకొల్లు_డీటీపీ
సిస్, రీ. అంతే. తర్వాత పే...ద్ద పట్టిక, ఏ కోడుకి ఏ అక్షరం అని.

లాకులదగ్గర
అయితే బతికారు. పైపై 2.7 దింపుకోండి, అది పైథాన్ నడిపే ఇంకో ప్రోగ్రాము, టార్ ఫైలు, విప్పి నడపడమే, ఆప్ట్‌తో పని లేదు. పైపైని రాసిందే ఆర్‌పైథాన్ అనే భాషలో, అది పైథాన్ 2.7 మీద ఆధారపడింది. కాబట్టి తమ అవసరం కోసమే వాళ్ళు 2.7ని వదలరు. ఈ కథలో 2.7ని మొక్కుబడికి కాకుండా అవసరానికి చూసుకునేది వాళ్ళే. నెట్‌కి కలపని యూజర్ ఖాతాలో పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇది తాత్కాలికం. ఈలోపు మాస్టారి విద్యార్థులెవరైనా దాన్ని పైథాన్ 3కి మారుస్తారేమో అడుగుదాం.

తరగతి_గది
ఇద్దరు ముందుకొచ్చారు. ఒకమ్మాయిది నరసాపురమే, ఆదివారం షాపుకి వస్తానంటోంది.

ముందే ఒక హెచ్చరిక. పాత ఫాంటు ఫైలు 8 బిట్ల బైట్లు. పైథాన్ 2లో బైట్ల వరసలోంచి ఒకటి తీస్తే అక్షరం వస్తుంది, పైథాన్ 3లో అంకె వస్తుంది. పట్టిక అక్షరాలతో రాసి ఉంటే ఏ కోడూ దొరకదు. ఎర్రర్ రాకుండానే ఖాళీ రావచ్చు. కాబట్టి కోడు చూసి కాదు, ఫలితం చూసి నమ్మాలి.

మరబాబు
రెండింటినీ ఒకే ఫైళ్ళ మీద నడిపి, బైటు బైటు పోల్చండి. నేను అది చేయక మేస్త్రి దగ్గర మాట పడ్డాను.

భీమవరం_షెడ్డు
వీపీఎన్ పెట్టేశానండి. ఓనరు గారు "ఇదేంటి, ఇంకో బటన్ నొక్కాలా" అన్నారు. నొక్కాలండి అన్నాను. చెరువుల పట్టిక వరకు కొత్త పీహెచ్‌పీకి రాయిస్తున్నాం, సీజన్ అయ్యాక మిగతాది.

పాలకొల్లు_డీటీపీ
ఆరు రోజుల తర్వాత వస్తున్నాను. పైపైతో స్క్రిప్టు నడిచిందండి, మొదటిసారికే. చాలా థ్యాంక్స్.

ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. సాయంత్రానికి పైథాన్ 3లో నడిచేలా చేసింది. మరబాబు గారు చెప్పినట్టు 40 పాత ఫైళ్ళు రెండింట్లోనూ వేసి పోల్చాం. 38 అచ్చు ఒకటే. రెండింట్లో తేడా. ఒకదాంట్లో తప్పు కొత్తదానిది, సరిచేసింది. రెండోదాంట్లో తప్పు పాతదానిది! "క్ష్మి" దగ్గర పాత స్క్రిప్టు ఒత్తుని మింగేస్తోంది, పదమూడేళ్ళుగా. ఎన్ని శుభలేఖల్లో లక్ష్మి గారి పేరు అలా వాట్సాప్‌కి వెళ్ళిందో ఆ దేవుడికే తెలియాలి. ఒక్కరూ అడగలేదు.

దింపుకాయ
మా అక్క పెళ్ళి శుభలేఖ నీ దగ్గరే కొట్టించాం. మా అక్క పేరు విజయలక్ష్మి. ఇప్పుడే ఫోను తీసి చూస్తున్నా.

లాకులదగ్గర
😂 పాలకొల్లు గారూ, ఇలాంటి స్క్రిప్టు కావలసిన డీటీపీ షాపులు ఈ జిల్లాల్లోనే చాలా ఉంటాయి. లైసెన్సు ఏదైనా పెట్టి బయటికి ఇస్తే నేను డెబియన్‌కి ప్యాకేజీ చేస్తాను. పైథాన్ 3దే సుమా. కానీ రాసిందాయన అనుమతి కావాలి.

పాలకొల్లు_డీటీపీ
మా బావమరిది అమెరికాలో ఉన్నాడండి, ఇప్పుడు అక్కడ తెల్లవారుజాము. లేచాక అడుగుతాను. లక్ష్మి సంగతి మాత్రం వాడికి నేనే చెప్తాను, మీరెవరూ చెప్పకండి.

దింపుకాయ
"విజయలక్మి". చూశాను. రేపు షాపుకి వస్తున్నా.